సంతకం పెడతాను, ముందు కూర్చో

నాన్నా, రాత్రి వాట్సాప్‌లో ప్రైవేటు స్టూడెంట్ లోను లింకు పంపావు. "పెద్దమ్మా, ఇక్కడ నొక్కి హామీ సంతకం పెట్టెయ్, రెండు నిమిషాల పని" అని. మెడికల్ కాలేజీలో సీటు తెచ్చుకున్నావు, మన ఇంట్లో తొలి డాక్టరువి కాబోతున్నావు, నా సంతోషం నీకు వేరే చెప్పాలా? కానీ రెండు నిమిషాల పని అన్నావు చూడు, అక్కడే నాకు ఒళ్లు మండింది. పది పదిహేనేళ్లు మోయాల్సిన బరువుకి రెండు నిమిషాలేమిటిరా? చెప్పులు విప్పి లోపలికి రా. కూర్చో.

నాలుగు కంపెనీలు పోల్చి చూశానన్నావు. ఏం పోల్చావు? రేటు. పెద్ద అక్షరాల్లో వేసే ఆ రేటు పెళ్లిచూపులకి పంపే ఫొటో లాంటిది. క్రెడిట్ స్కోరు దివ్యంగా ఉన్నవాళ్లకే దక్కుతుంది. ఆటోపే పెట్టుకుంటే తగ్గించే పావు శాతం కూడా ముందే తీసేసి చూపిస్తారు. అది ఫిక్సెడా, వేరియబులా? వేరియబుల్ అయితే ఈ ఏడు నవ్వుతుంది, నువ్వు రెసిడెన్సీలో నిద్ర లేకుండా తిరిగే ఏడు ఏం చేస్తుందో ఎవరికి తెలుసు?

మీ తాతగారి కాలంలో వడ్డీని శాతాల్లో చెప్పుకునేవాళ్లు కాదు. రూపాయి వడ్డీ, రూపాయిన్నర వడ్డీ అనేవాళ్లు, నూటికి నెలకి. ఆ లెక్కన 9 శాతమంటే ముప్పావలా వడ్డీ. వింటే చవగ్గానే ఉంది. అయితే ఆయన వడ్డీకంటే నోటు తిరగరాయడానికి ఎక్కువ భయపడేవారు. మూడేళ్లు దాటితే ప్రామిసరీ నోటుకి కాలదోషం పడుతుంది కదా, అందుకని షావుకారు అంతవరకూ పెరిగిన వడ్డీని అసలులో కలిపేసి కొత్త నోటు రాయించేవాడు. రెవెన్యూ స్టాంపు మీద సంతకం పెట్టొచ్చిన రోజు మా నాన్న అన్నం సరిగా తినేవారు కాదు. ఇక్కడ అమెరికాలో దాన్నే క్యాపిటలైజేషన్ అంటున్నారు. స్టాంపు అంటించే పని లేదు, అంతే తేడా.

లెక్క వేసి చూపిస్తాను, ఆ కాగితం ఇలా అందుకో. మొదటి ఏడు 40 వేల డాలర్లు 9 శాతానికి తీసుకున్నావనుకో. నెలకి 300 వడ్డీ. చదువయ్యేదాకా కట్టక్కర్లేదంటారు, నువ్వూ హాయిగా మర్చిపోతావు. నాలుగేళ్లకి 14,400. అది అసలులో కలిసిందా, నీ అప్పు 54,400 అయి కూర్చుంటుంది, నెలవడ్డీ 408కి ఎక్కుతుంది. ఇది ఒక్క ఏడాది అప్పు. ఇంకా మూడేళ్లవి ఉన్నాయి. "చదువుకునేటప్పుడు నెలకి 25 కడితే చాలు" అని ఒకడు ఆశ పెడతాడు. 300 పుట్టేచోట 25 ఏ మూలకి? ట్యూషన్లు చెప్పో, ఇద్దరు కలిసి ఒక గదిలో ఉండో, పుట్టే వడ్డీ మటుకు కట్టుకుంటూ పో. ఇస్తామన్నారు కదా అని కాలేజీ వేసిన ఖర్చుల లెక్క మొత్తానికీ అప్పు తీసుకోకు.

అసలు ప్రైవేటు గుమ్మం ఎక్కేముందు ప్రభుత్వమిచ్చే ఫెడరల్ అప్పు పూర్తిగా వాడుకున్నావా? 2026 జూలై 1 నుంచి కొత్తగా చేరేవాళ్లకి గ్రాడ్ ప్లస్ అనే ఫెడరల్ అప్పు తీసేశారు, నిజమే. మెడిసిన్, డెంటల్ లాంటి చదువులకి ఏడాదికి 50 వేలు, మొత్తం మీద 2 లక్షల డాలర్లు దాటి ఇవ్వరు. ఆ పైన పడే గండికే ప్రైవేటు. ఫెడరల్ రేటు 2025-26లో 7.94 శాతం, ప్రైవేటువాడు ఒకటో ఒకటిన్నరో తగ్గిస్తే నీకు ముద్దొస్తుంది. కానీ రెసిడెన్సీ మూడు నుంచి ఏడేళ్లు. ఫెడరల్‌లో ఆదాయాన్ని బట్టి కట్టుకునే వీలుంది. లాభాపేక్ష లేని ఆసుపత్రిలో చేస్తూ 120 వాయిదాలు కడితే మిగిలింది మాఫీ. ప్రైవేటువాడికి నీ జీతం సంగతి అనవసరం.

అందుకే రేటు తర్వాత చూద్దువు గాని, కట్టలేని రోజు వస్తే వాడేమంటాడో ముందు చూడు. చదువయ్యాక ఎన్ని నెలలు ఆగుతాడు? ఆరు నెలలు ఆగేవాళ్లున్నారు, మెడిసిన్ వాళ్లకి 36 నెలల దాకా ఆగేవాళ్లూ ఉన్నారు. రెసిడెన్సీ అంతా వాయిదా వేస్తాడా? రెసిడెన్సీకి మ్యాచ్ కాక ఒక ఏడు ఇంట్లో కూర్చుంటే? నీకు మంచే జరుగుతుందిరా, అడగడంలో తప్పేముంది?

ఇక నా సంతకం. బెజవాడలో బీడీఎస్ చేసి, స్టూడెంట్ వీసా మీద వచ్చి ఇక్కడి డెంటల్ కాలేజీలో మళ్లీ చేరే పిల్లలకి ఫెడరల్ అప్పు దొరకదు. ప్రైవేటులో చాలామంది, సిటిజెనో గ్రీన్‌కార్డువాళ్లో హామీ ఉంటే తప్ప ఇవ్వరు. గుడిలో పరిచయమైనవాళ్లని కూడా అడుగుతుంటారు పాపం. నీకు నేనున్నాను. కానీ హామీ సంతకమంటే సాక్షి సంతకం కాదు, అప్పు నాది కూడా. వెనకటికి ఒక దగ్గరి పిల్లాడికి పెట్టాను. వాడు చెడ్డవాడేం కాదు. ఇల్లు మారాడు, బ్యాంకు ఖాతా మార్చాడు, ఈమెయిల్ చూసుకోలేదు. రెండు వాయిదాలు తప్పాయి. మేం ఇంటి లోను మార్చుకుందామని వెళ్లినప్పుడు గానీ ఆ మచ్చ నా పేరు మీద ఉన్న సంగతి తెలియలేదు. మీ పెదనాన్న నన్ను ఒక్క మాట అనలేదు. అదే ఎక్కువ బాధ.

కాబట్టి హామీ నుంచి నన్ను ఎప్పుడు విడిచిపెడతారో చదివి చెప్పు. ఒకచోట 12 వాయిదాలకి, ఇంకోచోట 36కో 48కో. అవీ పూర్తి వాయిదాలు, ఒక్కటీ తప్పకుండా. పైగా అప్పటికి నీ ఒక్కడి ఆదాయం చాలాలి. నేను పోతే అప్పంతా ఒక్కసారి కట్టమంటారేమోనని మీ అమ్మ భయపడుతోందిట. అలా అనకూడదని 2018లో చట్టం చేశారు, దాని తర్వాత తీసుకున్న అప్పులకి. చెప్పు దానికి.

తొందరేం లేదు. అప్పు మంజూరయ్యాక ఒప్పుకోవడానికి నీకు 30 రోజులు గడువివ్వాలి. ఒప్పుకుని చివరి కాగితాలు అందాక కూడా మూడు పనిరోజుల్లోపు వద్దనొచ్చు. అప్లై చేసేవి మాత్రం రెండు వారాల్లోపే చేసెయ్, స్కోరులో అన్నీ కలిపి ఒక్క విచారణగా లెక్కేస్తారు.

ఆదివారం రా. నాలుగూ ప్రింటు తీసుకురా, ఫోన్లో ఆ చీమకాళ్ల అక్షరాలు నాకు కనపడవు. గోంగూర పప్పు చేస్తాను. ఈలోగా మీ అమ్మకి ఫోన్ చేసి పెద్దమ్మ సంతకం పెట్టనందని చెప్పకు. పెట్టనని నేనెప్పుడన్నాను?