కాకిముద్ద, పెట్రోలు పన్ను

మిరపతోటకు మందు కొట్టాలంటే తైవాన్ పంపు ఉండాలి, దానికి పెట్రోలు ఉండాలి. 2021లో నల్ల తామర పురుగు వచ్చినప్పటి నుంచి మా పెదనందిపాడు వైపు సీజన్‌లో ఆ పంపు మోత లేని పొద్దు లేదు. మొన్న బంకులో డబ్బా పట్టుకుని నిలబడి లెక్క వేసుకున్నాను. రాష్ట్రం తీసుకునేది వ్యాట్ 31 శాతం, ఆ పైన లీటరుకు 4 రూపాయలు, రోడ్ల సెస్సు మరో రూపాయి. రోడ్డుకు రూపాయి తీసేవాళ్ళు పిట్టకో పావలా తీయకూడదా అనిపించింది. (పావలా బిళ్ళ 2011లోనే పోయింది గాని, బంకు మీటరుకు పైసలు ఇంకా తెలుసు.) సరే, తీశారే అనుకుందాం. అది పుణ్యమా, పాపానికి లంచమా?

మా నాయనమ్మ ఇంట్లో ఎవరికీ వడ్డించకముందే పిట్టగోడ మీద కాకికి ముద్ద పెట్టేది. దానం చేస్తున్నావా అని అడిగితే, "దానమేందిరా, బాకీ" అనేది. పొయ్యి, తిరగలి, రోలు, చీపురు, నీళ్ళబిందె. వీటి కింద రోజూ ఎన్ని చీమలు, పురుగులు నలుగుతాయో లెక్కుండదు. ధర్మశాస్త్రాలు వీటినే పంచసూనలన్నాయి. సూన అంటే వధ జరిగే చోటు. ఆ దోషం పోవడానికే గృహస్థుకు పంచయజ్ఞాలు, అందులో భూతబలి ఈ ముద్దే. పొయ్యి ఆర్పమని శాస్త్రం అనలేదు, వెలిగించినవాడు బాకీ పడ్డాడంది.

ఇంజను ఆరో సూన. (మందు సంగతి వేరు. అది చంపడానికే కొడతాం.) కాబట్టి పెట్రోలు పన్నులో పిట్టల వాటా దానం కాదు, పాత బాకీ. అమెరికాలో సముద్రంలో తీసే చమురు రాబడి నుంచి ఏటా 90 కోట్ల డాలర్లు అడవులకు, పార్కులకు పెట్టి తీరాలని 2020లో చట్టమే చేశారు.

అయితే పన్ను మాట ఎత్తితే మా జిల్లాకు పాత గాయం గుర్తొస్తుంది. అడవిలో పశువుల మేతకు తెల్లవాడు వేసిన పుల్లరి కట్టనన్నందుకు 1922లో పల్నాడులో కన్నెగంటి హనుమంతు తుపాకీ గుండ్లకు ప్రాణమిచ్చాడు. అందుకే ఇక్కడ ముందు అడిగేది, డబ్బు ఎక్కడికి పోతుందని. 2010లో శుభ్రమైన ఇంధనం కోసమని టన్ను బొగ్గుకు 50 రూపాయల సెస్సు పెట్టారు. 2016కి అది 400 అయింది. 2017లో జీఎస్టీ రాగానే ఆ పద్దు రాష్ట్రాల నష్టపరిహారంలో కలిసిపోయింది. కాకిముద్ద వంటింట్లోనే అయిపోయింది.

ఇంకో ముడి ఉంది. ఎంత ఎక్కువ తగలబెడితే పిట్టకు అంత ఎక్కువ ముద్ద. కాకి కోసమని మా నాయనమ్మ రెండో పొయ్యి వెలిగించిన రోజు లేదు.

గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువులో సర్కారు తుమ్మల మీద గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కడతాయి. గట్టు మీద నిలబడితే రెట్టల కంపు ముక్కు పగలగొడుతుంది. అయినా ఊరివాళ్ళు వాటిని తోలెయ్యలేదు. ఎవరూ సెస్సు కట్టమని వాళ్ళను అడగలేదు.

పావలా వేయండి, కడతాను. ఆ సొమ్ము విడిగా ఉంచి, ఏటా ఎంత వచ్చిందో, ఎంత ఖర్చయిందో ఆ చెరువు గట్టు మీదే బోర్డు మీద రాయించండి.