జరగని దెబ్బకు తీర్పు చెప్పవచ్చా?

బిడ్డను హింసిస్తున్నారా అని తల్లిదండ్రులను సూటిగా అడిగితే నిజం బయటికి రావడం అరుదు. కొందరికి కేసు భయం, కొందరికి సిగ్గు. తాము చేసేది హింస అని తోచనే తోచనివాళ్లు ఇంకొందరు. అందుకే మనస్తత్వ శాస్త్రవేత్తలు చుట్టుదారిన అడగడం మొదలుపెట్టారు. అమెరికాలో జోయెల్ మిల్నర్ తయారుచేసిన ప్రశ్నావళిలో 160 వాక్యాలుంటాయి, ఒక్కోదానికి ఔననో కాదనో చెప్పాలి. హింసకు అవకాశమెంతో లెక్కగట్టేది వాటిలో 77 వాక్యాల మీదనే. అవి ఎక్కువగా ఒంటరితనం, దిగులు, ఇంట్లో గొడవలు, పిల్లలు చెప్పినట్టే పడి ఉండాలన్న పట్టుదల గురించి అడుగుతాయి. మంచివాళ్లమని అనిపించుకోవడానికి అబద్ధమాడేవాళ్లను పసిగట్టే వాక్యాలు వేరే ఉన్నాయి.

మనస్తత్వ శాస్త్రవేత్త క్రిస్టినా రోడ్రిగెజ్ పద్ధతిలో ఆ ఔను, కాదుల అవసరం కూడా లేదు. తెర మీద ఒక తల్లి, మొండికేసిన పిల్లవాడు కనిపిస్తారు. గొంతు పెరుగుతుంది, చెయ్యి లేస్తుంది. ఇది హింస అనిపించిన క్షణాన చూసేవాళ్లు వీడియో ఆపేయాలి. ఎంత ఆలస్యంగా ఆపితే దెబ్బను అంత మామూలుగా తీసుకునే మనసని అంచనా. అమెరికాలోనే పిట్స్‌బర్గ్ నగరం ఉన్న అలెగెనీ కౌంటీలో 2016 నుంచి తల్లిదండ్రులను ఏమీ అడగకుండానే, ఫిర్యాదు రాగానే కంప్యూటరు పాత ప్రభుత్వ రికార్డులను జల్లించి ప్రమాద సూచికగా 1 నుంచి 20 దాకా ఒక అంకె చెబుతుంది. సర్కారు సాయం మీద బతికే పేదలకే రికార్డులు ఎక్కువ కనుక అనుమానం కూడా వాళ్ల మీదికే ఎక్కువగా పోతుంది.

ఇవన్నీ కొలిచేది చేసిన పనిని కాదు, చేయగల మనసును. కర్మ సిద్ధాంతం ఈ రెంటినీ విడిగానే చూసింది. లోపల పేరుకున్న వాసన, అంటే పాత పనుల ముద్ర, మనిషిని ఒక వైపు లాగుతుంది, ఫలం మాత్రం చేసిన కర్మకే. వాసనను చూసి శిక్షిస్తే తనను తాను అదుపు చేసుకుంటున్న మనిషికి కూడా శిక్ష పడుతుంది. లెక్క చూసినా అంతే. వెయ్యిమందిలో 20 మంది నిజంగా హింసించేవాళ్లు అనుకుందాం. పరీక్ష వాళ్లలో నూటికి 80 మందిని పట్టి, నిర్దోషుల్లో నూటికి 90 మందిని వదిలేసేంత మంచిదే అనుకుందాం. 16 మంది దొరుకుతారు, వాళ్లతోపాటు 98 మంది నిర్దోషులూ దొరుకుతారు.

భారతం ఆదిపర్వంలో మాండవ్య మునికి జరిగింది ఇదే. దొంగలు సొమ్ముతో సహా ఆయన ఆశ్రమంలో దాక్కున్నారు. మౌనవ్రతంలో ఉన్న ముని భటులకు బదులు చెప్పలేదు. సొమ్ము అక్కడే దొరికింది, మనిషి నోరు విప్పడు. ఆనవాళ్లన్నీ కలిసి ఆయనను శూలం ఎక్కించాయి. చిన్నప్పుడు పురుగులను పుల్లతో పొడిచినందుకు ఇది ఫలమని యముడు చెబితే ముని ఆ లెక్కను ఒప్పుకోలేదు. పద్నాలుగేళ్ల లోపు చేసినది పాపం కాదని కట్టడి చేసి, యముణ్ణే భూమ్మీద పుట్టమని శపించాడు. పసితనపు తప్పుకు పెద్దల కొలత పెట్టకూడదన్న ఆ కట్టడి, బిడ్డ మీద చెయ్యెత్తే ప్రతి ఇంటికీ వర్తిస్తుంది.

అలాగని చూస్తూ ఊరుకోవడం కూడా న్యాయం కాదు. నెల్లూరు ప్రాంతంలోని పెంచలకోనలో కొలువైన నరసింహస్వామి కథనే చూడవచ్చు. హిరణ్యకశిపుడు కన్నకొడుకును ఏనుగులతో తొక్కించాడు, పాములతో కరిపించాడు. సభకంతా తెలుసు, గురువులకు తెలుసు. అక్కడ లోపించింది సమాచారం కాదు, అడ్డుపడే మనిషి.

అదే నెల్లూరు వైపు ఆత్మకూరు, ఉదయగిరి మెట్ట ప్రాంతంలో మనసును కొలవవచ్చా అన్న ప్రశ్న ఇంకో రూపం తీసుకుంటుంది. వానలు మొహం చాటేస్తే పనికోసం ఊరు విడవక తప్పదు, పిల్లలు అమ్మమ్మ దగ్గరో నాయనమ్మ దగ్గరో ఉండిపోతారు. పిల్లలు పెద్దల మాట జవదాటకూడదన్న వాక్యానికి ఇక్కడ ఔననని ఇల్లు అరుదు. అమెరికా లెక్క ప్రకారం అది ప్రమాద సూచన, ఇక్కడ అది పెంపకం. అయినా పెంపకం పేరు పెట్టినంత మాత్రాన దెబ్బ దెబ్బ కాకపోదు. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 2007లో వెలువరించిన అధ్యయనంలో ఆంధ్రప్రదేశ్ సహా 13 రాష్ట్రాల పిల్లల్లో ప్రతి ముగ్గురిలో ఇద్దరు శారీరక హింసకు గురైనట్టు తేలింది. ఇంట్లో దెబ్బలు తిన్న పిల్లలను ఎక్కువగా కొట్టింది అమ్మానాన్నలే. ఇలాంటి చోట తల్లి మనసుకు మార్కులు వేయడం కన్నా బిడ్డను చూడటం నమ్మకమైన దారి. నెలనెలా తూకం వేసే అంగన్‌వాడీ టీచరుకు బిడ్డ బరువు తగ్గడం, ఒంటి మీద వాతలు, ఉన్నట్టుండి రావడం మానేయడం కళ్లముందే కనిపిస్తాయి. పరీక్షలో వచ్చే అంకెకు విలువ ఎక్కడంటే, అలసిపోయిన తల్లికి తోడు, తాగే తండ్రికి వైద్యం అందించాల్సిన ఇల్లు ఏదో ముందుగా చెప్పడంలో. బిడ్డను ఆ ఇంటినుంచి తీసుకుపోవడానికి ఆ అంకె చాలదు.

చట్టం కూడా చేసిన పనినే అడుగుతుంది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో దండనను నిషేధించింది, ఇంటి గడప దాటి లోపలికి రాలేదు. బిడ్డ పట్ల క్రూరత్వానికి బాల న్యాయ చట్టం, 2015 లోని 75వ సెక్షన్ మూడేళ్ల దాకా జైలు విధిస్తుంది. తమ చేతిలో లేని పరిస్థితుల వల్ల కన్నవాళ్లు బిడ్డను వదిలిపెట్టినట్టు తేలితే, అది కావాలని చేసినది కాదనే భావించాలని, వాళ్లకు ఆ శిక్ష వర్తించదని ఆ సెక్షనే చెబుతుంది.