పెంచుట దయయేనా?

ఇటీవల పట్టణములలో, కలిగినవారి యిండ్లలో ఒక క్రొత్త వేడుక ప్రబలుచున్నది. ఆఫ్రికా బూడిదరంగు చిలుక, దక్షిణ అమెరికా మకా, ఇగ్వానా, బాల్ పైథాన్ అను కొండచిలువ మొదలగు పరదేశపు జీవులను తెచ్చి పెంచుట గొప్పగా ఎంచబడుచున్నది. మాంసము ముట్టని యిండ్లలోను ఇది కానవచ్చుచున్నది. అడిగినచో "మేము చంపుట లేదు గదా, కన్నబిడ్డవలె సాకుచున్నాము" అందురు. ఆ మాట అబద్ధము కాదు. అందుచేతనే దానిని తేలికగా త్రోసివేయరాదు.

ఉభయ సంప్రదాయములవారును అంగీకరించు తత్త్వార్థసూత్రమున అహింసాణువ్రతమునకు ఐదు అతిచారములు చెప్పబడినవి. కట్టివేయుట, కొట్టుట, అవయవములు కోయుట, మితిమీరిన బరువు మోపుట, అన్నపానములు ఆపుట. వీనిలో మొదటిది కట్టివేయుట యని గమనింపుడు. మేత చక్కగా పెట్టినంత మాత్రమున మొదటి దోషము పోదు. ఆవు, కుక్క వేల యేండ్లుగా మనుష్యునితో కూడి బ్రతికినవి. విడిచినను సాయంకాలమునకు ఇల్లు చేరును. మకా తలుపు తెరచినచో తిరిగి వచ్చునా? ఇక కొండచిలువ మాట. అది పాలన్నము తినదు. ఎలుకలు కావలెను. శాకాహారుల యింట దానిని సాకుటకు వేరు ప్రాణులను వెలయిచ్చి తెచ్చువారు ఏమి సమాధానము చెప్పుదురో నాకు తెలియదు.

వర్తకులమగు మనకు మరియొక హెచ్చరిక కలదు. 12వ శతాబ్దమున హేమచంద్రాచార్యులు కుమారపాల మహారాజు కొరకు రచించిన యోగశాస్త్రమున, శ్రావకుడు విడువవలసిన 15 కర్మాదానములలో ధనము కొరకు చిలుకలను, గోరువంకలను, పిల్లులను, నెమళ్లను పెంచుటయు చేరియున్నది. దంతపు వ్యాపారము, విషపు వ్యాపారము పేర్కొన్న పట్టికలోనే ఇదియు ఉన్నది.

"మేము అమ్ముట లేదు, కొనుచున్నాము" అనవచ్చును. అంగడి నడుపువానికి ఈ మాట పనికిరాదు. ఒక సరకు అమ్ముడుపోయిన నాడే దాని స్థానమునకు మరియొకటి తెప్పించుటకు జాబు వ్రాయుదుము. కొన్నవాని రూపాయియే ఆ జాబు. 2023 సెప్టెంబరులో బ్యాంకాక్ నుండి బెంగళూరు విమానాశ్రయమునకు వచ్చిన పెట్టెలలో 55 బాల్ పైథాన్లు, 17 రాచనాగులు ప్రాణములతో దొరకినవి. 6 కపుచిన్ కోతులు చచ్చియుండెను. ఆ కోతులను ఎవరును చంపదలచి తేలేదు. ఎవరో ముద్దుగా పెంచుకొందురనియే తెచ్చిరి.

ఇదే లెక్క మన జీవదయకును వర్తించును. ఇది కొందరికి రుచింపకపోవచ్చును. పర్వదినమున పిట్టలను కొని విడిచిపెట్టు ఆచారము మనలో నున్నది. వేటకాడు మన పండుగల తేదీలు మనకంటె బాగుగా ఎరుగును. వానికై ముందుగానే వల పన్నును. పరదేశపు జీవుల విషయమున విడుదల మరింత చేటు. అమెరికా నుండి వచ్చిన ఎర్రచెవి తాబేలు కొన్నప్పుడు అరచేతిలో ఇమిడియుండును. అడుగు పొడవు వరకు పెరుగును. తొట్టి చాలక, చంపుటకు మనసొప్పక, పుణ్యమనుకొని కోనేటిలో విడుతురు. 2018లో గువాహాటిలోని ఉగ్రతార దేవాలయపు చెరువులో ఇది కనబడినది. మన తాబేళ్ల మేతను, ఎండ కాగు చోటును ఇది ఆక్రమించును.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము రామచిలుకను పంజరమున నుంచనీయదు. పరదేశపు చిలుకకు ఆ అడ్డు లేకుండుటచే బేరము అటు మళ్లినది. 2022 సవరణయు, 2024 నిబంధనలును వచ్చిన పిమ్మట అంతర్జాతీయ జాబితాలోని జీవులను ఉంచుకొనువారు ప్రభుత్వమువద్ద నమోదు చేయించవలెను. మంచిదే. కాని చిట్టాకెక్కినంత మాత్రమున ప్రాణి సరకు కాకపోవునా?

ఇదివరకే యింట నున్నవానిని ఏమి చేయవలెను? విడువరాదు, అమ్మరాదు, పిల్లలు పెట్టించరాదు. బ్రతికినన్నాళ్లు విశాలమగు చోటనిచ్చి పోషింపవలెను. ఆఫ్రికా చిలుక 40, 50 యేండ్లు జీవింపగలదు. నావంటి వయస్సువాడు నేడు కొన్నచో అది వానికంటె వెనుక పోవును. అట్టి యింటివారు తమ తరువాత దానిని చూచువారెవరో ఇప్పుడే నిర్ణయించి, కుమారులతోను కోడండ్రతోను చెప్పియుంచుట అవసరము.