పరదేశ పట్టణపు క్షేమము

పఠన భాగము: యిర్మీయా 29:4–14

పశ్చిమ బెంగాలులోని ఖరగ్‌పూర్ రైల్వే స్టేషనులో 1,072 మీటర్లకు పైగా పొడవుగల ప్లాట్‌ఫారము ఉన్నది. అనేక సంవత్సరములు అది ప్రపంచములోనే అతి పొడవైనదని ఖ్యాతి గాంచెను. 2013లో గోరఖ్‌పూర్ 1,366 మీటర్లతోను, 2023లో హుబ్బళ్లి 1,507 మీటర్లతోను దానిని మించిపోయెను. లోకపు ఘనత ఈలాగున చేతులు మారును. అయితే ఖరగ్‌పూర్ మనకు నేర్పు పాఠము వేరొకటి గలదు.

బెంగాల్ నాగపూర్ రైల్వే దినములనుండి ఉత్తర కోస్తా పల్లెలవారు అనేకులు బ్రతుకుతెరువు కొరకు అచ్చటికి వెళ్లి, వర్క్‌షాపులోను యార్డులోను పాటుపడిరి. వారి మనుమలు నేటికిని అక్కడ తెలుగు మాటలాడుచున్నారు. ఉద్యోగ విరమణ చేసి రైల్వే క్వార్టరు ఖాళీ చేయు దినమున అట్టి కుటుంబమునకు ఒక ప్రశ్న ఎదురగును: ఇక మన ఊరు ఏది?

బబులోను చెరలో యూదులు ఈ ప్రశ్నతోనే నలిగిరి. రెండేండ్లలో అందరును తిరిగి వత్తురని హనన్యా ప్రకటించెను. వినుటకు అది ఇంపైన మాట. యిర్మీయా డెబ్బది ఏండ్లని వ్రాసెను. అంతవరకు ఇండ్లు కట్టుకొని, తోటలు నాటి, ఆ పట్టణము కొరకు ప్రార్థింపవలెనని వ్రాసెను. ఏ పట్టణము? తమ్మును చెరపట్టిన పట్టణమే! ఏడవ వచనపు హెబ్రీ మూలములో “షాలోమ్” అను పదము ముమ్మారు వచ్చుచున్నది. పట్టణపు క్షేమమును భక్తుని క్షేమమును దేవుడు విడదీయలేదు.

“మేము ఈ లోకములో యాత్రికులము, వీధి సంగతులు మాకేల?” అను విశ్వాసులు కలరు. వారు ఒకసారి ప్లాట్‌ఫారమును చూతురు గాక. ప్రయాణికునికి అది కొన్ని నిమిషముల మజిలీ. పాయింట్స్‌మన్‌కును, ఊడ్చువానికిని అది బాధ్యత. వారును సాయంకాలమున ఇంటికి పోవువారే. అయినను డ్యూటీ ముగియువరకు పరుల క్షేమము వారి చేతిలో ఉన్నది. విశ్వాసి యాత్రికుడే, గాని డ్యూటీలోనున్న యాత్రికుడు.

ప్రియ చదువరీ, నీవు నివసించు ఊరు నీ భాష మాటలాడకపోవచ్చును. నీ పొరుగింటి విధవరాలి పేరు నీకు తెలియునా? ఆ వీధి బడి కొరకు నీవెన్నడైన మోకరించితివా? చెదరినవారిని సమకూర్చుట దేవుని పని. ఆయన దానిని మరువడు. అంతవరకు ఆ వీధి మేలు కోరుట నీ పని.

ప్రార్థన: ప్రభువా, మమ్మును ఉంచిన చోటనే నమ్మకస్థులుగా నిలుపుము. ఆమేన్.