వ్రేలి కొననున్న యంకె

ఆపద వచ్చిన పిమ్మట పరుగెత్తుటకన్న, రాకముందే దాని యడుగుల చప్పుడు వినుట మేలని యెల్లరు నొప్పుకొందురు. యంత్రమాచప్పుడును వినిపించిన తరువాత విన్నవాని ధర్మమేమి? ఈ ప్రశ్నను మేము కొంతకాలముగా మనస్సున నుంచుకొని యున్నాము.

కరోనా కాలమున, 2020, 2021 సంవత్సరములలో, పల్స్ ఆక్సీమీటరను చిన్న యంత్రము పెక్కిండ్లకు వచ్చినది. దాని సూత్రమును 1974లో జపానుదేశపు ఇంజనీరు టకువో అవోయాగి వెల్లడించెను. ఎఱ్ఱని వెలుతురును, కంటికి కానరాని పరారుణకాంతిని వ్రేలిగుండ బంపినచో, ప్రాణవాయువు గల రక్తమొక తీరునను, లేని రక్తము వేఱొక తీరునను వానిని మ్రింగును. నాడి కొట్టుకొనునపుడు కలుగు మార్పును బట్టి ధమనీరక్తమును వేఱుచేసి చూచుటయే యందలి నేర్పు. ఆయాసము తోపకుండగనే ప్రాణవాయువు తగ్గిపోవు రోగులకు ఈ యంకె ముందస్తు హెచ్చరిక యయ్యెను. యంత్రమును నిందించువారితో మాకు పొత్తు లేదు.

అయినను 2021 మే నెలలో మా తోడి యుపాధ్యాయుడొకడు తన తల్లిని వైద్యశాలకు గొనిపోగా, వాకిటనున్నవారు ఆమె ముఖమునైన జూడక వ్రేలికి యంత్రము తగిలించి, "94 ఉన్నది గదా, ఇంటికి తీసికొనిపొండి" అనిరి. పడకలు లేవు, వారి యిక్కట్టును మేమెఱుగుదుము. పడక లేదని చెప్పియుండిన నది సత్యము. ఆమెకు పడక యక్కఱలేదని యంకెచేత చెప్పించుట వేఱు. మరునాటి రాత్రి యంకె 89కి దిగినది. వేఱొకచోట చోటు దొరకబట్టి యామె బ్రతికినది.

నాటి ప్రభుత్వ సూచనలలోనే, ఊపిరి నిమిషమునకు 24 సార్లుగాని యంతకు మించిగాని యాడినను వ్యాధి ముదురుచున్నట్లు గ్రహింపవలెనని యుండెను. దానిని లెక్కించుటకు నిమిషముసేపు రోగి ప్రక్కన నిలువవలెను!

పైగా ఆ యంకె యెల్లరియెడ సమముగా సత్యము పలుకదు. 2020 డిసెంబరులో అమెరికాయందలి మిషిగను విశ్వవిద్యాలయ వైద్యులొక పరిశోధన ప్రకటించిరి. యంత్రము 92 మొదలు 96 వఱకు చూపినపుడు రక్తమునే తీసి పరీక్షింపగా, నిజమునకు 88కి లోబడినవి తెల్లవారిలో నూటికి సుమారు 4, నల్లజాతివారిలో సుమారు 12. చామనచాయవారే యెక్కువగా నున్న మన తెలుగునాట నిది దూరపు వార్త కాదు. తక్కువ యంకె కనబడినవానిని లోనికి బిలుచుటకు యంత్రసాక్ష్యము చాలును. ఎక్కువ యంకె చూపి వెలికి బంపుటకు మాత్రము చాలదని మా నిశ్చయము.

ఇపుడు మా పాఠశాలలో ఎనిమిదవ తరగతి పిల్లలకు ఊపిరి లెక్కించుట నేర్పుచున్నాము. గడియారము చూచుచు నిండు నిమిషము ఊరకుండుటకు వారికింకను ఓపిక చాలకున్నది.