చప్పట్లతో తీరని బాకీ

బర్నౌట్ అనే మాటకి తెలుగులో సరైన మాట ఇంకా కుదరలేదు. అలసట అయితే నిద్రపోతే పోతుంది. విసుగైతే పని మారిస్తే పోతుంది. ఇది ఆ రెండూ కాదు. 1974లో దీని గురించి తొలి వ్యాసాల్లో ఒకటి రాసిన హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్, పగలు సొంత ప్రాక్టీసు చూసుకుని, ఆ తర్వాత న్యూయార్క్‌లో ఒక ఉచిత క్లినిక్‌లో పనిచేసేవాడు. తనలోనూ తోటి వాలంటీర్లలోనూ చూసినదాన్నే రాశాడు. అంటే ఈ ఆలోచన మొదలైంది ఐటీ ఆఫీసులో కాదు, ఉచిత వైద్యం దగ్గర. మేం సాఫ్ట్‌వేర్ వాళ్ళం తర్వాత ఆ మాట అరువు తెచ్చుకుని, సోమవారం పొద్దుటి బద్ధకానికి కూడా వాడేస్తున్నాం.

1981లో క్రిస్టినా మాస్లాక్ దీన్ని కొలవడానికి ఒక పద్ధతి తయారుచేసింది. అందులో మూడు లక్షణాలు: మనసు ఖాళీ అయిపోవడం, ఎదుటి మనిషి మనిషిలా కాక ఒక కేసులా కనబడటం, చేసిన పనికి అర్థం లేదనిపించడం. మొదటిదీ మూడోదీ ఉన్న డాక్టరు మీద మనకి జాలి కలుగుతుంది. రెండోది ఉన్న డాక్టరు మీద మాత్రం కోపం వస్తుంది. "ఆయన మొహం కూడా ఎత్తి చూళ్ళేదు" అంటాం. ఒకే జబ్బులోని ఒక లక్షణానికి సానుభూతి, ఇంకోదానికి తిట్లు. నా ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. దయ ఎండిపోవడం తప్పా?

కామూ 'ప్లేగు' నవలలో డాక్టర్ రియూ ఈ స్థితికే వస్తాడు. రోగం ముదిరాక అతని పని నయం చెయ్యడం కాదు, ఇంటింటికీ వెళ్ళి జబ్బు గుర్తించి, మనిషిని ఆ ఇంట్లోంచి తీసుకుపోయేలా చెయ్యడం. తల్లులు ఏడుస్తారు, బతిమాలతారు. జాలి ఏ పనికీ రానప్పుడు జాలిపడి కూడా మనిషి అలసిపోతాడని అతనికి తెలుస్తుంది. తనలో పెరుగుతున్న ఉదాసీనతే తనని మర్నాడు పని చేయనిస్తోందని గమనిస్తాడు. మాస్లాక్ లెక్కలో అది రోగలక్షణం. రియూకి అదే కవచం. రెండూ నిజమే అనుకుంటాను. అందుకే ఆ ఎండిపోవడాన్ని గుణదోషంగా చూడటం నాకు సరిగా అనిపించదు.

కోవిడ్ రోజుల్లో ఆసుపత్రి డాక్టర్ల గురించి చాలా రాశారు. వీధి చివర క్లినిక్ నడిపే డాక్టర్ల గురించి రాసింది తక్కువ. 2020 మార్చి 25న కేంద్రం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు విడుదల చేసింది. ఫోన్లో, వీడియోలో, వాట్సాప్‌లో వైద్యం చెప్పడానికి స్పష్టమైన అనుమతి వచ్చింది. అవసరమైన పనే. కానీ దాంతో పాటు డాక్టరుగారి సొంత నంబరే క్లినిక్ అయింది. క్లినిక్‌కి షట్టర్ ఉంటుంది, వాట్సాప్‌కి ఉండదు.

మా వృత్తిలో ఆన్‌కాల్ అని ఒకటుంది. సర్వర్ పడిపోతే అర్ధరాత్రి లేవాలి. కానీ దానికి రోస్టర్ ఉంటుంది. నేను ఫోన్ ఎత్తకపోతే ఇంకొకరికి వెళ్తుంది, వారం అయ్యాక బాధ్యత చేతులు మారుతుంది. వందల కుటుంబాలని చూసే డాక్టరుకి ఆ 'ఇంకొకరు' లేరు. పైగా 2021 ఏప్రిల్, మే నెలల్లో ఆయనకి వచ్చిన ఫోన్లు వైద్యానికి సంబంధించినవే కాదు. "ఆక్సిజన్ పడిపోతోంది, బెడ్ ఎక్కడుంది సార్?" ఏం చెయ్యాలో ఆయనకి తెలుసు. చెయ్యడానికి దారి లేదు. వియత్నాం యుద్ధ సైనికులకి చికిత్స చేసిన జొనాథన్ షే ఇలాంటి గాయాన్ని 'మోరల్ ఇంజురీ' అన్నాడు. 2018లో ఇద్దరు అమెరికన్ వైద్యులు, సైమన్ టాల్బట్, వెండీ డీన్, డాక్టర్లకి ఉన్నది బర్నౌట్ కాదు, ఇదేనని వాదించారు. తేడా చిన్నది కాదు. బర్నౌట్ అంటే యోగా చెయ్యమని సలహా ఇచ్చి ఊరుకోవచ్చు. గాయం అంటే, ఎవరు చేశారని అడగాల్సి వస్తుంది.

మరి ఆ రోజుల్లో అరవై దాటి, షుగరు ఉండి, క్లినిక్ మూసేసిన డాక్టరు తప్పు చేసినట్టా? 2003లో సార్స్ వచ్చాక టొరంటో విశ్వవిద్యాలయం వాళ్ళు 2005లో ఒక నివేదిక రాశారు. వైద్యుల కర్తవ్యంతో పాటు 'రెసిప్రాసిటీ' అనే విలువనీ అందులో చేర్చారు. వాళ్ళ మీద ప్రమాదం మోపే సమాజం, వాళ్ళకీ వాళ్ళ కుటుంబాలకీ రక్షణ ఇవ్వాలని. వినడానికి న్యాయంగా ఉంది. కానీ దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. జ్వరంతో వచ్చిన ఆటో డ్రైవరు ఎవరికీ ఏ మాటా తప్పలేదు. మాస్కులు పంపనిది అతను కాదు. వేరేవాళ్ళు బాకీ ఎగ్గొడితే అతనికెందుకు వైద్యం ఆపాలి?

ఈ అభ్యంతరాన్ని కొట్టిపారెయ్యలేను. నాకు తోచిన సమాధానం ఇది. ఇక్కడ బాకీలు రెండు. డాక్టరు రోగికి పడ్డది ఒకటి, మనం డాక్టరుకి పడ్డది ఇంకొకటి. రెండోది తీర్చనంత మాత్రాన మొదటిది రద్దవదు. కానీ మోయలేనిదవుతుంది. మోయలేనిదాన్ని దించినవాడు, మోయగలిగీ దించినవాడు ఒకటి కారు. కాబట్టి "ఎందుకు మూశావు?" అని ఆయన్ని అడిగే ముందు "తెరిచి ఉంచగలిగేలా ఏం చేశాం?" అని మనల్ని అడుక్కోవాలి.

మనం చేసింది, 2020 మార్చి 22 సాయంత్రం ఐదింటికి చప్పట్లు కొట్టడం. ఆ చప్పట్లు అబద్ధం అనను. కానీ వాటిలో ఒక సదుపాయం ఉంది. డాక్టరు చేసేది త్యాగం అంటే అది మనకిచ్చిన దానం, దానానికి కృతజ్ఞత చాలు. దాన్ని పని అంటే మాత్రం సెలవు, జీతం, బీమా, బదులు మనిషి, అన్నీ లెక్కలోకి వస్తాయి. డాక్టర్లని దేవుళ్ళు అనే అలవాటుతో వచ్చిన చిక్కూ ఇదే. దేవుడికి దణ్ణం పెడితే సరిపోతుంది, సెలవు ఇవ్వక్కర్లేదు.

ఇది మాటల తేడా కాదని ఒక కేసు చూస్తే తెలుస్తుంది. ఆరోగ్య కార్యకర్తలు కోవిడ్‌తో చనిపోతే కుటుంబానికి 50 లక్షల బీమా అని 2020 మార్చిలోనే ప్రకటించారు. నవీ ముంబైలో ఒక ప్రైవేటు డాక్టరుకి, క్లినిక్ తెరిచే ఉంచాలి, లేదంటే చర్య తప్పదని కార్పొరేషన్ నోటీసు వచ్చింది. ఆయన తెరిచారు. ఆ ఏడాదే కోవిడ్‌తో పోయారు. భార్య బీమా అడిగితే కుదరదన్నారు. 2021లో బాంబే హైకోర్టు కూడా, అది క్లినిక్ తెరవమన్న ఆదేశమే తప్ప కోవిడ్ పనికి పిలిచినట్టు కాదంది. 2025 డిసెంబరులో సుప్రీంకోర్టు ఈ వాదన చెల్లదంది. విడిగా పిలుపు ఉత్తరం ఉండక్కర్లేదని, కోవిడ్ విధుల్లోనే మరణించారని ఆధారాలు చూపితే చాలని తేల్చింది. బతికుండగా ఆయన పని మనందరిదీ. పోయాక "నిన్నెవరు రమ్మన్నారు?" అనే ప్రశ్న. సమాధానానికి అయిదేళ్ళు.

2020 సెప్టెంబరులో, ఎంతమంది వైద్య సిబ్బంది పోయారో కేంద్రం దగ్గర వివరాలు లేవని పార్లమెంటులో చెబితే, ఇండియన్ మెడికల్ అసోసియేషన్ 382 మంది డాక్టర్ల జాబితా తనే విడుదల చేసింది. బాకీ తీర్చాలనుకునేవాళ్ళు మొదట చేసే పని లెక్క రాసుకోవడం. మనం అది కూడా చెయ్యలేదు.

తర్వాతి మహమ్మారి ఎప్పుడొస్తుందో గానీ, అప్పటిదాకా ఆగక్కర్లేని పనులున్నాయి. ఒక డాక్టరు సెలవు పెడితే ఆ కాలనీని చూసుకునే ఇంకో డాక్టరు, ఫోన్లకి వేళలు, తెరవమనే ఆదేశంలోనే రాసి ఉండే బీమా. మనవైపు నుంచి ఇంకొకటి. క్లినిక్ తలుపు మీద "ఆదివారం సెలవు" అని కనబడితే గొణుక్కోకుండా వెనక్కి రావడం. ఆ బోర్డు ఉండబట్టే సోమవారం ఆయన మొహమెత్తి మనవైపు చూడగలుగుతారు.