పిడికి అందం దేనికి

కత్తికి పదునుంటే చాలు, పిడి పట్టుకోవడానికి పనికొస్తే చాలు, దాని మీద నగిషీలు దండగ అనే మాట చాలామంది నోట వినిపిస్తుంది. నేను ఒప్పుకోను. కొలిమిలో కాచి, సుత్తెతో సాగగొట్టి చేసిన కత్తికి పిడి అందం కూడా పనిముట్టులో భాగమేనని నా నమ్మకం. కారణం ఆ ఉక్కు స్వభావంలోనే ఉంది. కార్బన్ ఎక్కువున్న ఉక్కును అయస్కాంతం కూడా అంటుకోనంత వేడికి, అంటే సుమారు 770 డిగ్రీలు దాటేదాకా, ఎర్రగా కాచి నూనెలో ముంచితే గట్టిపడుతుంది, దాంతోపాటే పెళుసెక్కుతుంది. అప్పుడు దాన్ని మళ్లీ 200 డిగ్రీల దరిదాపుల్లో నిదానంగా కాచాలి. మెరుగుపెట్టిన చోట లేత గడ్డిరంగు తేలగానే ఆపాలి. రంగు నీలానికి తిరిగిందంటే అంచు మెత్తబడ్డట్టే. ఇంత కష్టపడి తెచ్చిన పదును తడి తగిలి ఒక్క రాత్రి వదిలేస్తే తుప్పు పడుతుంది. చింతపండు పులుసో నిమ్మరసమో అంటితే ఇంకా త్వరగా నల్లబడుతుంది. కడగాలి, తుడవాలి, నూనె రాయాలి, అప్పుడప్పుడు సాన పట్టాలి. ఇష్టం లేని వస్తువుకి ఇంత సేవ ఎవరు చేస్తారు?

పిడి మీది అందం కళ్లకే గాని చేతికి పనికిరాదన్నది కూడా నిజం కాదు. ఫిన్లాండ్‌లో రైతులూ జాలర్లూ నడుముకు కట్టుకునే చిన్న కత్తిని చూడండి. బర్చ్ చెట్టు మన భూర్జపత్రాల చెట్టుకు చుట్టం. దాని బెరడును చిన్న చిన్న ముక్కలుగా కోసి, ఒక్కొక్క ముక్కకీ నడిమధ్య కంత పెట్టి, అలుగు తోకకి వరసగా గుచ్చి గట్టిగా బిగిస్తారు. తర్వాత చేతికి అమరేలా అరగదీస్తారు. అరిగేకొద్దీ పొరల అంచులు సన్నని గీతలై కనిపిస్తాయి. చూసేవాడికది అలంకారం. మంచులో పనిచేసేవాడికి చలి కొరకని పిడి, చేపల తడిలోనూ జారని పిడి. అదే చెట్టు జాతిలో పోగులు మెలితిరిగి గోధుమరంగు మచ్చలు పడే చెక్కని కూడా పిడికి వాడతారు. మెలి ఉన్న చెక్క తేలిగ్గా చీలదు. కంటికి నచ్చినదీ చేతికి పనికొచ్చినదీ అక్కడ ఒకే గుణం.

దీనికి గట్టి అభ్యంతరం జపాన్ వంటగది నుంచి వస్తుంది. అక్కడ మేలైన కత్తులకు చాలావాటికి తెల్లని మాగ్నోలియా చెక్కతో సాదా పిడి, ముందు గేదెకొమ్ము పొన్ను, అంతే. పాతబడితే పిడి ఊడదీసి కొత్తది వేస్తారు, అలుగు మాత్రం ఏళ్ల తరబడి సాగుతుంది. నగిషీ లేకుండానే కత్తి బతుకుతోంది కదా అనవచ్చు. నిజమే. అయితే అది వృత్తి వంటవాడి కత్తి. రోజూ సాన పట్టడం అతని కొలువులో భాగం, శ్రద్ధను వృత్తే నేర్పుతుంది. ఇంట్లో కూరలు తరిగేవారికి అలాంటి కట్టడి ఏదీ లేదు. వాళ్ల చేతిని రోజూ కత్తి దగ్గరికి రప్పించేది ఆ వస్తువు మీది ముచ్చటే.

మరొకటి, అందమైన కత్తులు చివరికి అద్దాల బీరువా చేరతాయంటారు. వెండి పువ్వులు పొదిగి, లోతుగా చెక్కిన లతలతో అరచేతిని ఒరిపిడి పెట్టే పిడిని నేనూ సమర్థించను. పావుగంట ఉల్లిపాయలు తరిగితే బొబ్బ తెప్పించే అలంకారం తప్పే. బయటినుంచి అతికించిన అందం వేరు, వస్తువులో దాగినదాన్ని పని బయటికి తేవడం వేరు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కుని పర్షియా వర్తకులు వెతుక్కుంటూ వచ్చి కొన్నారు. అలాంటి ఉక్కుతో చేసిన డమాస్కస్ కత్తుల మీది అలలు ఎవరూ గీసినవి కావు, ఉక్కులోని కార్బైడ్ వరుసలు ఆమ్లం తగిలి తేలినవి. చెక్కకీ అంతే. బాగా ఆరిన తుమ్మచెక్కని నున్నగా రుద్ది అవిసె నూనె పట్టిస్తే దాని ఎర్రని చారలు పైకి వస్తాయి. ఇందుకు ఎర్రచందనం కొట్టేయక్కర్లేదు, నాగళ్లకూ బండ్లకూ వాడిన చెక్కే చాలు. పిడి వదులైతే లోపల బిగించిన లక్కని వేడిచేసి కరిగించి తోక బయటికి తీయవచ్చు, మళ్లీ పోసి బిగించవచ్చు. ప్లాస్టిక్ పిడి పగిలితే కత్తినే పారేస్తాం. లక్క కాచి బిగించుకునే ఓపిక మాత్రం, ఆ చారల మీద మనసు పడినవాళ్లకే ఉంటుంది.